పిల్లల పుస్తకానికి ప్రచార ప్యాకేజీ: రూ.12,000కు ఏం దక్కింది?

సొంత ఖర్చుతో పుస్తకం అచ్చు వేసుకునే రచయితల కోసం హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రచార ప్యాకేజీలు అమ్మే సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాని సేవను నా మొదటి పిల్లల పుస్తకం కోసం రూ.12,000 చెల్లించి తీసుకున్నాను. ఆ సేవలో ఏది పనికివచ్చింది, ఏది రాలేదు అన్నది ఈ సమీక్ష విషయం. సంస్థ పేరు రాయడం లేదు.

పుస్తకం ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం రాసినది. 32 పేజీలు, ప్రతి పేజీకీ రంగుల బొమ్మ, సెంటర్ పిన్ బైండింగ్, వెల రూ.150. బొమ్మలు వేసిన చిత్రకారిణి, నేను చెరిసగం ఖర్చు పెట్టుకుని ఆఫ్‌సెట్‌లో 1,000 ప్రతులు వేయించాం. ప్యాకేజీలో పోస్టర్లు, చదివి వినిపించే వీడియో, సోషల్ మీడియాలో పుస్తక పరిచయాలు, అమెజాన్‌లో అమ్మకానికి పెట్టడం, పుస్తకాల షాపులకు పంపిణీ, ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకాన్నీ గుర్తించడానికి ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఇప్పించడం ఉంటాయని చెప్పారు.

చివరి అంశంతోనే మొదలుపెడతాను. కొటేషన్‌లో ఐఎస్‌బీఎన్‌కు విడిగా రూ.1,500 వేశారు. మన దేశంలో ఈ సంఖ్యను కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయిత తన పేరు మీద ఆన్‌లైన్‌లో తానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ మాట చెప్పగానే మారుమాట లేకుండా ఆ మొత్తం తీసేశారు. పైన చెప్పిన రూ.12,000 అది పోగా మిగిలినదే.

మొదటి పోస్టర్ వాట్సాప్‌లో వచ్చినప్పుడు రంగులు ముచ్చటగా ఉన్నాయి, అక్షరాలు మాత్రం విడిపోయి ఉన్నాయి. 'అమ్మమ్మ' అన్న మాటలో ఒత్తులు కిందికి చేరక, పొల్లులు తేలి 'అమ్‌మమ్‌మ' అని కనిపించింది. యూనికోడ్ పాఠాన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించేటప్పుడు భారతీయ లిపులకు తగిన అమరికను ఎంచుకోకపోతే ఇలా జరుగుతుందని తెలుగు డీటీపీ చేసే ఎవరినడిగినా చెబుతారు. పిల్లలకు చదవడం నేర్పే పుస్తకానికి ఇలాంటి పోస్టర్ వేస్తే కొనబోయే తల్లి కూడా వెనక్కి తగ్గుతుంది. చెప్పగానే సరిచేశారు గాని, ఆ తరువాత వచ్చిన పోస్టర్లనూ నేనే అక్షరం అక్షరం దిద్దవలసి వచ్చింది. తెలుగు చదవగలిగినవారు ఒక్కరైనా ఆ డిజైన్ విభాగంలో ఉన్నారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఇక సోషల్ మీడియా పరిచయాలు. పుస్తకాల గురించి మాట్లాడే కొందరి చేత పోస్టులు పెట్టించారు. లైకులకు, 'అభినందనలు మేడమ్'లకు కొదవ లేదు. అభినందించిన వారిలో ఎక్కువ మంది నాలాగే పుస్తకం వేసుకున్న రచయితలు. పేజీకి ఎన్ని వాక్యాలున్నాయి, రెండో తరగతి పాప తనంతట తాను చదువుకోగలదా అని అడిగినవారు వాళ్లలో కనబడలేదు. పిల్లల పుస్తకానికి డబ్బిచ్చేది ఒకరు, చదివేది మరొకరు. ఈ ప్రచారం ఇద్దరినీ వదిలేసి మూడో మనిషితో మాట్లాడింది. పెద్దల కథాసంపుటాలకు, కవితా సంకలనాలకు తయారుచేసుకున్న పద్ధతినే పిల్లల పుస్తకానికీ తొడిగారని నా అభిప్రాయం. ఈ సేవలోని అసలు లోపం నా దృష్టిలో ఇదే.

వీడియో విషయంలో మాత్రం వాళ్లను మనసారా మెచ్చుకోవాలి. మూడు నిమిషాల నిడివిలో, ఒక పెద్దావిడ గొంతుతో, ప్రతి మాట కింద వేలు కదిలిస్తూ, తొందరపడకుండా మొదటి కొన్ని పేజీలు చదివించి, కొంగ చెరువు గట్టు మీది నుంచి ఎగిరే చోట ఆపేశారు. తరువాత ఏమైందని అడుగుతూ నాకు ఫోన్లు వచ్చాయి. అమెరికాలో వారాంతపు తెలుగు బడుల్లో చదువు చెప్పే తల్లులు కూడా అడిగారు, కానీ ఒక్క ప్రతిని అక్కడికి పంపాలంటే తపాలా ఖర్చు పుస్తకం వెలను మించిపోతుంది. ఆ చిక్కుకు సంస్థ దగ్గర ఏ దారీ లేదు. సెలవులకు ఇండియా వచ్చి వెళ్లేవారి సూట్‌కేసుల్లోనే కొన్ని ప్రతులు చేరాయి.

పంపిణీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. షాపులు పుస్తకాలను అమ్మిన తరువాతే డబ్బిచ్చే పద్ధతిలో తీసుకుంటాయి, 40 శాతం కమీషన్ పట్టుకుంటాయి. రూ.150లో రూ.60 అలా పోతుంది. పంపిణీ పేరుతో సంస్థ మరో 10 శాతం, అంటే రూ.15 తీసుకుంటుంది. అచ్చు ఖర్చు ప్రతికి రూ.55 పడింది. మిగిలిన రూ.20లోనే రవాణా, నలిగిపోయి వెనక్కి వచ్చే ప్రతుల నష్టం, మా ఇద్దరి కష్టానికి ప్రతిఫలం అన్నీ సర్దుకోవాలి. దీనికి తోడు పిన్ బైండింగ్ పుస్తకానికి వెన్ను ఉండదు. అరలో నిలబెడితే రెండు లావుపాటి పుస్తకాల మధ్య అది ఉన్నట్టే తెలియదు. ఒక షాపులో వెతికి బయటకు తీసి, కౌంటర్ పక్కన అట్ట కనిపించేలా పెట్టమని బతిమాలుకున్నాను. అప్పటి నుంచి అక్కడ అమ్మకాలు కదిలాయి. షాపులకు చిన్న వైరు స్టాండు ఇవ్వడం పంపిణీ చేసేవారికి తోచవలసిన పని.

అమెజాన్‌లో పెట్టడం సజావుగానే జరిగింది. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు కనుక, పుస్తకాలు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ నంబరు అక్కరలేదన్న విషయం వాళ్లే చెప్పారు. అయితే వెల తక్కువైన పుస్తకం మీద అమెజాన్ రుసుములు, డెలివరీ ఖర్చు కలిసి పెద్ద భారమే అవుతాయి. వివరాల పేజీ ఒకటి ఉంటుందన్న తృప్తికి తప్ప, ఆదాయానికి అది దారి కాదు.

నేరుగా అడిగినవారికి సంస్థ రూ.60 కొరియర్ ఖర్చుతో పంపేది. తపాలా శాఖ 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఆపేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు నిజంగానే ఇబ్బంది పడ్డారు గాని, 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అనే తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు రూ.20తో ప్యాకెట్ వెళుతుంది. ఉపరితల రవాణా కాబట్టి నెమ్మదిగా చేరుతుంది, ఎక్కడుందో చూసుకునే వీలు ఉంది. మా పుస్తకం కవరుతో కలిపినా ఆ బరువు దాటదు. ఈ సేవ గురించి ప్రచార సంస్థకు నేను చెప్పవలసి రావడం ఆశ్చర్యమే.

ప్యాకేజీతో సంబంధం లేకుండా, డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక మిత్రుడి స్టాల్‌లో బల్ల పంచుకున్నాను. పిల్లలు పుస్తకం తీసుకుని అక్కడే కింద కూర్చుని పూర్తిగా చదివేసేవారు. అది చూసి "చదివేశావుగా, ఇంక కొనడం ఎందుకు?" అని ఒక తల్లి పాపను లేవదీసింది. అదే పాప పక్క వరుస దాకా వెళ్లి ఏడ్చి, తండ్రిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. "ఇంగ్లీషులో లేదా?" అని ఆయన అడిగి, లేదనగానే నిట్టూర్చి డబ్బులు తీశారు. ఇంకొకాయన, ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతుండగా రూ.150 ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మంచి కాగితం మీద బొమ్మను ఆయన వెంట ఉన్న పిల్లకు చూపించడం తప్ప నా దగ్గర జవాబు లేకపోయింది, ఆయన కొనలేదు. అక్కడ అమ్మిన ప్రతికి కమీషన్ లేదు కనుక షాపులో అమ్మిన నాలుగు ప్రతుల కన్నా ఎక్కువ లాభం ఇక్కడ ఒక్క ప్రతికే వచ్చింది.

అయిదుకు రెండున్నర ఇస్తాను, అందులో రెండు వీడియోకే. ఇలాంటి సంస్థ దగ్గరకు వెళ్లదలచుకున్న రచయితలు మొత్తం ప్యాకేజీ తీసుకోకుండా వీడియో విడిగా చేసిపెడతారేమో అడగాలి. పంపిణీ తీసుకునేటట్టయితే ఏ షాపులో ఎన్ని ప్రతులున్నాయో మూడు నెలలకొకసారి రాతపూర్వకంగా లెక్క ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. నా ఒప్పందంలోనూ ఆ షరతు ఉంది. మొదటి లెక్క సమయానికే వచ్చింది, రెండోది గడువు దాటినా ఇంకా అందలేదు.