రాణి లేని పెట్టెలు అంటగట్టాడు, జాగ్రత్త

తేనెటీగల పెట్టెలు అమ్ముతానని గ్రూపుల్లో రోజూ వీడియోలు పెడుతుంటాడే, ఆయనే. పేరు రాయనక్కరలేదు, మీకు తెలిసే ఉంటుంది. పొద్దుతిరుగుడు పూతకు అందుతాయని 20 ఇటాలియన్ జాతి ఈగల పెట్టెలు తీసుకున్నాను. పెట్టె 4,500 లెక్కన 90,000. అందులో సగం మా అమ్మ చీటీ డబ్బు. పెట్టెకు ఎనిమిది ఫ్రేముల (ఈగలు పట్టు కట్టే చట్రాల) నిండా ఈగ, కొత్త రాణి అన్నాడు. వీపు మీద తెల్లచుక్క పెట్టిన రాణి ఫొటో కూడా పంపాడు. ఆ ఒక్క రాణి ఎంతమంది ఫోనుల్లో ఏలుతోందో!

ఈగలన్నీ పెట్టెల్లోకి చేరాలి కాబట్టి చీకటి పడ్డాక వెళ్లి లోడు చేసుకున్నాం. మూత తీసి చూస్తానంటే, "రాత్రి తెరిస్తే ఈగ రేగిపోతుంది తమ్ముడూ, నీకు తెలియనిదా" అన్నాడు. నిజమే, తెరవకూడదు. ఆ నిజాన్నే నా మీద వాడుకున్నాడు. ఆరేళ్లుగా ఇంటిల్లిపాదీ ఈ పని మీదే బతుకుతున్నాం. మధ్యాహ్నమే వెళ్లి చూసుకుని పొద్దు గూకేదాకా అక్కడే కూర్చోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు.

పొలం గట్టున దించి, రెండు రోజులు కుదుటపడనిచ్చి తెరిచాం. మొదటి పెట్టెలో ఎనిమిది కాదు, ఐదు ఫ్రేములకే ఈగ ఉంది. సరే అనుకున్నాను. రెండో పెట్టెలోని ఫ్రేమును ఎండకు పట్టి చూశాను. పట్టులోని ఒక్కో గదిలో మూడు, నాలుగు గుడ్లు. అవీ అడుగున కాదు, గోడలకు అంటుకుని. "అబ్బ, ఎన్ని గుడ్లో!" అని మా ఆవిడ సంబరపడింది. నాకు చెమటలు పట్టాయి. అవి రాణి గుడ్లు కావు. రాణి పోయి, అది పెట్టిన పిల్లపురుగులు కూడా అయిపోయాక కూలి ఈగలే పెట్టిన గుడ్లు. వాటి పొట్ట పొట్టిది, గది అడుగుదాకా అందదు. ఆ గుడ్లలోంచి వచ్చేవన్నీ పోతుటీగలే. తేనె తేవు, ఉన్నది తింటాయి. ఇరవైలో తొమ్మిది పెట్టెలు ఇంతే.

ఫోను చేశాను. రాణులు దారిలో చచ్చిపోయి ఉంటాయి, మీ డ్రైవరు గుంతల్లో తోలి ఉంటాడు అన్నాడు. రాణి పోయాక కూలి ఈగలు గుడ్లకు దిగాలంటే మూడు వారాలైనా పడుతుంది, నా దగ్గరకు వచ్చి రెండు రోజులే అయింది కదా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత నవ్వాడు. "రెక్కలున్నవాటికి గ్యారంటీ ఎవరిస్తారండీ? పెంచడం రానివాళ్లు కొనకూడదు." డబ్బు చేతిలో పడేదాకా తమ్ముణ్ని, పడ్డాక "అండీ"ని. ఇప్పుడు నా నెంబరు బ్లాక్ చేశాడు.

కొత్త రాణిని వేస్తే ఆ ఈగలు చంపేస్తాయి. ఆ గుడ్లలోంచి సొంత రాణిని పెంచుకుంటాయని మా పాత పెట్టెల్లోంచి గుడ్ల ఫ్రేములు తీసి వీటికి ఇస్తున్నాం. రాణి పుట్టడానికే 16 రోజులు, అది ఎగిరి జతకట్టి వచ్చి గుడ్లు పెట్టేసరికి ఇంకో రెండు వారాలు. అప్పటికి చేలో పువ్వు ఉండదు.

కొనేవాళ్లు పగలు వెళ్లండి. ప్రతి పెట్టెనూ తెరిపించండి. గదికి ఒక్క గుడ్డే ఉండాలి, అదీ అడుగున ఉండాలి. డబ్బు సగం ఆపుకోండి. నేనైతే మొత్తం ఆ రాత్రే పంపేశాను, పైగా ఆయన ఇచ్చిన టీ బాగుందని మెచ్చుకుని మరీ వచ్చాను.