ఐసీయూలో డయాలసిస్: వెంటనే పెట్టిస్తే మేలా, ఆగి చూస్తే మేలా?

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి చెన్నై ఐసీయూలకు వచ్చే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. న్యుమోనియాతోనో, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్‌తోనో చేరిన పెద్దాయనకు రెండో రోజో మూడో రోజో యూరిన్ తగ్గిపోతుంది. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో నాలుగు దాటుతుంది. గ్రీమ్స్ రోడ్డు పక్కన లాడ్జిలో దిగిన కొడుక్కి ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి: "కిడ్నీలు పోయాయట కదా, ఇంకా డయాలసిస్ పెట్టలేదేంట్రా?" సాయంత్రం నా దగ్గరికొచ్చి, "డబ్బుకు వెనకాడం సార్, మిషన్ పెట్టించండి" అంటాడు. ఇంత దూరం తీసుకొచ్చి కూడా ఏమీ చేయించలేదన్న మాట పడాల్సి వస్తుందేమోనన్న భయం ఆ మాటలో ఉంటుంది. అందుకే నేను ఎప్పుడు ఆగుదామంటానో, ఎప్పుడు ఆగనో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఆగకూడని సందర్భాలు. పొటాషియం 6 దాటి మందులకు దిగకపోతే, లేదా ఈసీజీ మారిపోతుంటే. రక్తంలో ఆమ్లం పెరిగి పీహెచ్ 7.15 కంటే కిందికి పడిపోతే. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, యూరిన్ రప్పించే లాసిక్స్ మందు ఎంత ఇచ్చినా రాక, ఆక్సిజన్ నిలబడకపోతే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రయినా మిషన్ పెట్టాల్సిందే.

ఇవేవీ లేకుండా క్రియాటినిన్ పెరిగి, యూరిన్ తగ్గినవాళ్ల విషయంలోనే అసలు చర్చ. వెంటనే పెట్టాలనేవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. వ్యర్థాలు, నీరు పేరుకుపోకముందే తీసేస్తే మంచిదే కదా అంటారు. 2016లో జర్మనీలోని ఒక ఆసుపత్రిలో 231 మందిపై జరిగిన ఎలైన్ ట్రయల్‌లో (రోగులను రెండు గుంపులుగా చేసి రెండు పద్ధతులను పోల్చి చూసే అధ్యయనం), ముందుగా మొదలుపెట్టినవాళ్లలో మరణాలు తగ్గాయి కూడా. కానీ అది ఒకే ఆసుపత్రి, అందులోనూ ఎక్కువమంది ఆపరేషన్ అయినవాళ్లు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో 31 ఐసీయూల్లో 620 మందిపై చేసిన అకికి ట్రయల్‌లో రెండు పద్ధతుల్లోనూ 60 రోజుల మరణాలు ఇంచుమించు ఒకటే. ఆగి చూసినవాళ్లలో 49 శాతం మందికి అసలు మిషనే పెట్టలేదు. ఆ తర్వాత 2020లో 15 దేశాల్లో దాదాపు 3,000 మందితో స్టార్ట్-ఏకేఐ ట్రయల్ వచ్చింది. 90 రోజులకు మరణాలు ముందే పెట్టించుకున్నవాళ్లలో 43.9 శాతం, ఆగినవాళ్లలో 43.7. తొందరగా పెట్టించడం వల్ల ఒక్క ప్రాణం కూడా అదనంగా దక్కలేదన్నమాట. పైగా బతికి బయటపడ్డవాళ్లలో 90 రోజుల తర్వాత కూడా డయాలసిస్ మీదే ఉన్నవాళ్లు, ముందే పెట్టించుకున్నవాళ్లలో 10.4 శాతం, ఆగినవాళ్లలో 6 శాతం. మిషన్ నడుస్తున్నప్పుడు బీపీ పడిపోతే, కోలుకుంటున్న కిడ్నీకి రక్తం సరిగా అందదు. తేడాకు అదొక కారణం కావచ్చు.

నా దృష్టిలో ఈ ఆఖరి అంకెలే అన్నిటికన్నా ముఖ్యం. వారానికి మూడుసార్లు డయాలసిస్ సెంటర్‌కి వెళ్లిరావడమంటే ఇంటిల్లిపాదికీ ఏమవుతుందో ఊళ్లో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మిషన్ పెట్టడం అంటే సెలైన్ ఎక్కించినంత తేలిక కాదు. మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద నరంలోకి రీఫిల్ కంటే లావైన గొట్టం పంపాలి. రక్తం కారొచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఆగి చూడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమూ కాదు. మంచానికి వేలాడే యూరిన్ బ్యాగ్‌కి గీతలున్న చిన్న డబ్బా ఉంటుంది. నర్సు గంటగంటకూ వంగి అందులో ఎంత వచ్చిందో చూసి చార్టులో రాస్తుంది. రాత్రి పదింటికి 10 మిల్లీలీటర్లు, రెండింటికి 20, తెల్లారేసరికి 40 అయితే ఆ కిడ్నీ లేస్తున్నట్టే. ఉదయం క్రియాటినిన్ రిపోర్టు అలాగే ఉన్నా కంగారు పడక్కర్లేదు, అది దిగడానికి ఇంకో రోజో రెండు రోజులో పడుతుంది.

అయితే ఆగడానికీ ఒక గడువుంది. యూరిన్ దాదాపు ఆగిపోయి 72 గంటలు దాటినా, బ్లడ్ యూరియా 240 దాటినా ఇక మొదలుపెట్టాలి. అప్పటికీ ఇంకా ఆగితే ఏమవుతుందో 2021లో అకికి-2 ట్రయల్‌లో చూశారు. లాభం లేకపోగా, నష్టం సూచనలు కనిపించాయి. కాబట్టి నా మాట ఇది: ప్రమాద లక్షణాలు లేకపోతే ఆగడమే మేలు, కానీ 72 గంటల గీత దాటకుండా. ఇక నెమ్మదిగా రోజంతా నడిచే ఖరీదైన మిషనా, మామూలుదా అంటే, 2006లో ఫ్రాన్స్‌లో 360 మందిపై పోల్చి చూస్తే బతికినవాళ్ల శాతంలో తేడా రాలేదు. బీపీ మరీ నిలకడ లేనివాళ్లకు నేను నెమ్మదిగా నడిచేదే ఎంచుకుంటాను.

రక్తం ఎక్కించే విషయంలోనూ ఇదే టెన్షన్. హిమోగ్లోబిన్ 8 అనగానే ఊరి నుంచి కారేసుకుని నలుగురు రక్తం ఇవ్వడానికి వచ్చేస్తారు. 1999లో కెనడాలో 838 మందిపై జరిగిన ట్రిక్ ట్రయల్‌లో, 7 కంటే తగ్గితేనే ఎక్కించినవాళ్లు, 10 దగ్గర నిలబెట్టినవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు. ఆసుపత్రిలో జరిగిన మరణాలు వాళ్లలోనే తక్కువ. రక్తం కారిపోతున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. గుండెపోటు వచ్చినవాళ్లకైతే నేను ఇంకాస్త పైనే ఉంచుతాను, 2023లో వచ్చిన మింట్ ట్రయల్ ఫలితాలు అటువైపే మొగ్గాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆగమని ఎవరు చెప్పినా వినకండి. ఇన్‌ఫెక్షన్‌తో బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లిన మనిషికి యాంటీబయోటిక్ మొదటి గంటలోపే పడాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్ష కోసం రక్తం తీయడం ముందే జరగాలి గానీ, రిపోర్టు వచ్చేదాకా మందు ఆపకూడదు. ఊళ్లోని ఆసుపత్రి నుంచి అంబులెన్స్‌లో చెన్నై బయల్దేరే ముందే మొదటి డోసు పడిందో లేదో అడగండి. దారిలో గడిచే మూడు నాలుగు గంటలు చిన్నవి కావు.

డాక్టర్ ఆగి చూద్దామంటే మూడు సంగతులు అడిగి కాగితం మీద రాసుకోండి. గంటకు యూరిన్ ఎంత వస్తోంది? ఇవాళ పొటాషియం, పీహెచ్ ఎంత? ఏ అంకె దాటితే, లేదా ఎన్ని గంటలు గడిస్తే మిషన్ పెడతారు? వీటికి అంకెలతో జవాబు రాకపోతే సీనియర్ డాక్టర్‌నీ, కిడ్నీ డాక్టర్‌నీ పిలిపించమని మొహమాటం లేకుండా అడగండి.