పేపర్లు ఇంట్లో దిద్దడం మేలా, బడిలోనే ముగించుకుని రావడం మేలా?

గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగు చెబుతాను. పరీక్షలు వచ్చాయంటే 120 పేపర్లు. వ్యాసాలూ లేఖలూ చదవాలి కాబట్టి ఒక్కోదానికి నాలుగు నిమిషాలైనా పడుతుంది. అంటే ఎనిమిది గంటల పని. మూడు రోజుల్లో మార్కులు ఎక్కించాలి.

ఆరేళ్లు కట్టలు ఇంటికే మోసుకొచ్చాను. పాప కళ్లెదుటే ఉంటుంది, పప్పు ఉడికేలోపు నాలుగు పేపర్లు అయిపోతాయి అనుకునేదాన్ని. నిరుడు ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) జరిగినప్పుడు, మూడో తరగతి చదివే మా పాప డైరీ తెచ్చి నా పక్కన కూర్చుంది. చూడకుండానే సంతకం పెట్టేశాను. పొద్దున క్యారేజీ సర్దుతూ చూస్తే తెలుగు డిక్టేషన్‌లో పదికి ఆరు వచ్చాయి. 'పళ్లెం' అని రాయాల్సిన చోట 'పల్లెం' అని రాసింది. ముందు రోజు రాత్రి అదే తప్పు ఎంతమంది పేపర్లలో సున్నా చుట్టానో! ఆ రోజు బడిలో ఏ క్లాసులోనూ మనసు నిలవలేదు.

ఇంట్లో పని చేస్తే పిల్లల దగ్గర ఉన్నట్టే అనుకుంటాం. నా అనుభవంలో అది నిజం కాదు. కట్ట ముందుంటే మాట పాపతో, చూపు పేపరు మీద. పైగా ఆ టెన్షన్‌లో చిన్నదానికే కసురుకుంటాం.

ఇప్పుడు పరీక్షల రోజుల్లో సాయంత్రం గంటన్నర స్టాఫ్‌రూమ్‌లోనే ఉండిపోతున్నాను. లీజర్ పీరియడ్లు కలుపుకుంటే మూడు రోజుల్లో ముగుస్తుంది. పాపను మా అత్తయ్యగారు తీసుకొస్తారు. ఆరింటికి ఇల్లు చేరేసరికి చేతిలో ఏమీ ఉండదు, అదే నాకు పెద్ద తేడా. ఇంట్లో పెద్దవాళ్లు లేనివాళ్లకు ఇది కుదరదని తెలుసు. వాళ్లకు పిల్లలు పడుకున్నాక కంటే తెల్లవారుజామున దిద్దడం నయం, రాత్రి అలసటలో మార్కుల కూడిక తప్పుతుంది.

ఒంటిపూట బడులప్పుడు మాత్రం లెక్క మారుతుంది. గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం బడిలో కూర్చోలేం. అన్నం తిన్నాక పాప నిద్రపోతే ఇంట్లోనే రెండు గంటలు ప్రశాంతంగా దిద్దుకోవచ్చు.

ఇంకో మాట. 2009 విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి కనీసం 45 పనిగంటలు చెప్పింది, పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా అందులోదే. అలాంటప్పుడు పేపర్లు దిద్దడం మన సొంత పని ఎలా అవుతుంది? ఈ మాటే నేనూ మా లెక్కల మేడమూ కలిసి హెడ్‌మాస్టరు గారితో అన్నాం. ఈసారి పరీక్షలయ్యాక రెండు రోజులపాటు చివరి పీరియడ్ మాకు ఖాళీగా ఇచ్చారు.