శరణార్థుల కమిటీ ఉన్న ఒక సేవాసంస్థ: దాతగా నా సమీక్ష

హైదరాబాద్‌లోని బాలాపూర్ ప్రాంతంలో, మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలకు నెలసరుకులు, పిల్లలకు సాయంత్రం చదువు అందించే ఒక సంస్థకు మూడేళ్లుగా విరాళం ఇస్తున్నాను. నిరుడు ఆ సంస్థ శరణార్థులతో సలహా కమిటీ వేసి, దాతలనూ సమావేశాలకు రమ్మంది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి కమిటీని చూసినప్పుడు ఏం గమనించాలో చెప్పడమే నా ఉద్దేశం.

మొదటి సమావేశం పనిరోజున ఉదయం పదకొండింటికి పెట్టారు. అడ్డాకూలీకి, చిత్తు ఏరి అమ్ముకునేవారికి ఆ వేళకు రావడమంటే ఆనాటి కూలి పోవడమే కనుక ఏడుగురు సభ్యుల్లో ముగ్గురే వచ్చారు. వారి చేతికిచ్చిన ఆరు పేజీల బడ్జెట్ ఇంగ్లిష్‌లో ఉంది, దానిమీద సంతకాలు అప్పటికే అయిపోయాయి. ఒక పెద్దావిడ ఆ కాగితాలను మడిచి మోకాలి కింద పెట్టుకుని, హైదరాబాదీ ఉర్దూలో ఒకటే అడిగింది: ‘మేము అన్నం తినేవాళ్లం, నెలనెలా గోధుమపిండి ఎందుకిస్తున్నారు?’ ఆ పిండిని కిరాణా కొట్టులో సగం ధరకు అమ్మి బియ్యం కొనుక్కుంటున్నారని ఆ గదిలోని నిర్వాహకులకు, నాకు కూడా, అప్పుడే తెలిసింది.

రెండో సమావేశం ఆదివారం సాయంత్రం బస్తీలోనే జరిగింది. లెక్కలను రోహింగ్యా భాషలో చదివి వినిపించారు. పిండి స్థానంలో బియ్యం వచ్చింది. ఆడవాళ్ల స్నానాల గదులకు గడియ, బయట ఒక లైటు కావాలన్న మాట కూడా నెగ్గింది. ఈ మార్పును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అయితే జీతాలు, బడి, వచ్చే ఏడాది ప్రాధాన్యాలు ఇప్పటికీ కమిటీ దాకా రావు.

1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదని, ఆధార్ లేనివారికి బ్యాంకు ఖాతా తెరవడమే కష్టమైనప్పుడు వారిని ట్రస్టీలుగా ఎలా తీసుకోగలమని నిర్వాహకులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే, కానీ సరుకుల పద్దు మీద ఓటు వేయడానికి ఆధార్ అక్కర్లేదు. తమిళనాడులో ఆఫర్ (OfERR) అనే సంస్థను 1984లో శ్రీలంక నుంచి వచ్చిన ఈళం తమిళ శరణార్థులే ఎస్.సి. చంద్రహాసన్ నాయకత్వంలో స్థాపించుకుని, తమ శిబిరాల్లో చదువు, ఆరోగ్యం పనులను తామే నడుపుకొచ్చారు. అక్కడ స్థానికుల భాషా, వారి భాషా ఒకటే కావడం కలిసొచ్చిందన్నది వాస్తవం. అందుకే బాలాపూర్‌లో దుబాసీకి, పోయిన కూలికి బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి.

అయిదుకు మూడు మార్కులు ఇస్తున్నాను. సంతకాలకు ముందే బడ్జెట్ కమిటీకి చేరాలని, ఆర్థిక నిర్ణయాల్లో ఇద్దరు శరణార్థులకు, వారిలో ఒకరు మహిళ అయ్యేలా, ఓటు ఉండాలని లిఖితపూర్వకంగా కోరాను. నెలవారీ విరాళం ఆపలేదు. పెంచాలన్న ఆలోచనను మాత్రం జవాబు వచ్చేదాకా వాయిదా వేశాను.