చిగురు లోపల కరిగిపోయే పొర: నాలుగేళ్ల తర్వాత

పంటి పక్కన ఎముక మళ్లీ పెరగడానికి చిగురు కింద వేసే ఈ పొర నాకు నచ్చింది ఒక్క కారణానికి. మళ్లీ కోసి తీయాల్సిన పని లేదు. చాలా ఏళ్ల కిందట మా అన్నయ్యకు వేసింది కరగని రకం, టెఫ్లాన్ జాతిది. నెలన్నరకు మళ్లీ చిగురు తెరిచి తీశారు. ఆ రోజు ఆయన పడ్డ టెన్షన్ కళ్లారా చూశాను. అందుకే నా కింది దవడ పన్ను పక్కన ఎముక కరిగి 8 మిల్లీమీటర్ల గుంట పడిందని డాక్టరమ్మ చెప్పగానే "కరిగే రకమేనా అండీ?" అని అడిగాను.

వేసింది కొలాజెన్ పొర, అంటే జంతువుల చర్మం లాంటి వాటిలో ఉండే ప్రోటీన్‌తో చేసింది. చిగురు చర్మం గబగబా పెరుగుతుంది, ఎముక నిదానంగా పెరుగుతుంది. చర్మం ముందే గుంటలోకి దిగిపోకుండా పొర అడ్డం నిలుస్తుంది. 1982లో స్వీడన్‌లో మొదటిసారి మనిషి పంటికి ఇలా చేసినప్పుడు ల్యాబుల్లో వడపోతకు వాడే ఫిల్టర్ ముక్కనే పెట్టారట.

తొమ్మిదో రోజు రాత్రి ఫోన్ టార్చి వేసి అద్దంలో చూసుకున్నాను. రెండు కుట్ల మధ్య చిగురు విడిపోయి, బియ్యపు గింజంత మేర తెల్లగా, పాల మీద మీగడలా ఏదో కనిపించింది. నాలుక తగిలితే మెత్తగా జారుతోంది. చీము పట్టిందనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే వెళ్తే, అది పొరే, బయటపడిందన్నారు. లాగొద్దు, నాలుకతో కెలకొద్దు, అటువైపు బ్రష్ వద్దు. రోజుకు రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవుల్ని చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలించాను. పళ్లకు గోధుమరంగు మరకలు పట్టాయి, పప్పుచారు కూడా చప్పగా తోచింది. మూడు వారాలకు చిగురు మూసుకుంది.

అప్పుడే తెలిసింది, బయటపడ్డ కొలాజెన్‌ను నోట్లోని సూక్ష్మజీవులు త్వరగా కరిగించేస్తాయని. ముందే కరిగితే ఎముక పెరగడానికి వ్యవధి చాలదు. నేను అంతగా మెచ్చుకున్న గుణమే నన్ను భయపెట్టింది. ఏడాది తర్వాత ఎక్స్‌రేలో గుంట సగం నిండింది, లోతు 4 మిల్లీమీటర్లకు వచ్చింది. పై అంచు మాత్రం నిండలేదు. చిగురు కాస్త కిందికి జారడంతో చల్లటి నీళ్లు ఇప్పటికీ జివ్వుమంటాయి. అయినా పన్ను కదలడం లేదు, అది నాకు చాలా పెద్ద విషయం.

ఒక్క బాధ మిగిలింది. ఈ పొరల్లో కొలాజెన్ పందిది కావచ్చు, ఆవుది కావచ్చు, చేపది కావచ్చు. నాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ అయ్యాక ఫైల్లో అంటించిన స్టిక్కర్ చదివి తెలుసుకున్నాను. మా అమ్మకు ఇది చిన్న విషయం కాదు. సంతకం పెట్టే ముందే అడగండి.

నా గుంటకు మూడు వైపులా ఎముక గోడలు మిగిలి ఉన్నాయి. అలాంటి చోటే ఇది బాగా పనిచేస్తుందట. నాకు సిగరెట్ అలవాటు లేదు, షుగర్ లేదు, మూడు నెలలకోసారి క్లీనింగ్ మానలేదు. ఇప్పుడు మా ఆవిడకు పై దవడ పన్ను వేర్ల మధ్య ఎముక పోయింది. అది నా గుంటలాంటిది కాదు, అందుకే ఆమెకూ ఇదే వేయించమని ధైర్యంగా అనలేకపోతున్నాను. వచ్చే వారం ఎక్స్‌రే ఉంది, డాక్టరమ్మ ఏమంటారో విన్నాకే.