పేరు మారిన బ్యాక్టీరియా, నేను రోజూ తెరిచే ఎల్‌పీఎస్ఎన్

ఐసీయూ నుంచి ఫోన్. "మేడమ్, ఈ పేషెంట్‌కి పోయినసారి బ్లడ్ కల్చర్‌లో ఎంటరోబాక్టర్ ఏరోజీన్స్ అన్నారు. ఇప్పుడు క్లెబ్సియెల్లా ఏరోజీన్స్ అంటున్నారు. ఇది ఇంకో ఇన్ఫెక్షనా?" డాక్టర్ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఇంకో ఇన్ఫెక్షన్ ఏమీ లేదు. రెండు కల్చర్ల మధ్య మా ల్యాబ్‌లో బ్యాక్టీరియాని గుర్తుపట్టే మెషీన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయింది, దాంతో పేరు మారింది. రిపోర్ట్ మీద సంతకం నాది. పక్కన పాత పేరు కూడా రాసి ఉండాల్సింది, రాయలేదు.

ఆ రోజు ఫోన్ పెట్టకుండానే తెరిచి చూసిన సైట్ గురించే ఈ రివ్యూ. దాని పూర్తి పేరు లిస్ట్ ఆఫ్ ప్రోకార్యోటిక్ నేమ్స్ విత్ స్టాండింగ్ ఇన్ నోమెన్‌క్లేచర్, అంటే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవుల పేర్ల జాబితా. మేమంతా ఎల్‌పీఎస్ఎన్ అంటాం. ఉచితం. 1997లో జాన్ యూజెబీ అనే ఫ్రెంచ్ పశువైద్య ఆచార్యుడు దీన్ని మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపారు. 2013లో ఏడన్ పార్ట్ బాధ్యత తీసుకున్నారు. 2020 నుంచి జర్మనీలోని డీఎస్ఎంజెడ్ అనే, సూక్ష్మజీవుల నమూనాలు భద్రపరిచే సంస్థ చూసుకుంటోంది. ఒక మనిషి ఓపికతో మొదలైన పని ఇప్పటికీ ఆగకుండా సాగుతున్నందుకు వాళ్లందరి మీదా నాకు నిజమైన గౌరవం ఉంది.

వెతికే పెట్టెలో పాత పేరు కొట్టినా పేజీ వస్తుంది, కొత్త పేరు కొట్టినా వస్తుంది. ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ సంవత్సరం, నియమాల ప్రకారం చెల్లుతుందా, టైప్ స్ట్రెయిన్ (ఆ పేరుకి ఆధారంగా భద్రపరిచిన నమూనా) ఏది, ఇంకే పేర్లు ఉన్నాయి, అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఏరోజీన్స్ పేజీ ఒక్కటి నిదానంగా చదివితే చాలు, పేర్లు పెట్టే పద్ధతి సగం అర్థమవుతుంది. 1960లో దాన్ని ఎంటరోబాక్టర్‌లో పెట్టారు. 1971లో ఒకరు ఇది క్లెబ్సియెల్లాకి చెందుతుందన్నారు. కానీ క్లెబ్సియెల్లా ఏరోజీన్స్ అనే పేరు అప్పటికే వేరే బ్యాక్టీరియాకి వాడుకలో ఉంది, అందుకని క్లెబ్సియెల్లా మొబిలిస్ అన్నారు. మామూలు క్లెబ్సియెల్లాలు కదలవు, ఇది కదులుతుంది. 1980 జనవరి 1న బ్యాక్టీరియా పేర్లకి కొత్త లెక్క మొదలైంది. అప్పుడు ప్రచురించిన ఆమోదిత జాబితాలో లేని పాత పేర్లు హోదా కోల్పోయాయి. ఆ జాబితాలో క్లెబ్సియెల్లా ఏరోజీన్స్ లేదు కాబట్టి ఆ పేరు ఖాళీ అయింది. 2017లో మన బ్యాక్టీరియాకి అదే పేరు ఇచ్చారు.

డాక్టర్‌కి ఇంత చరిత్ర అక్కర్లేదు, నిజమే. నాకు కావాలి. ఎందుకంటే ఆయన రెండో ప్రశ్న ఇది: "మామూలు క్లెబ్సియెల్లానే కదా, సెఫ్ట్రియాక్సోన్ సెన్సిటివ్ అని ఉంది, ఇచ్చేయనా?" సెన్సిటివ్ అంటే ల్యాబ్ పరీక్షలో ఆ యాంటీబయాటిక్ పనిచేసిందని. అక్కడే నా గుండె ఝల్లుమంది. ఈ బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లోనే ఆంప్‌సీ అనే ఎంజైమ్ జన్యువు ఉంటుంది. క్లెబ్సియెల్లా న్యుమోనియేకి పుట్టుకతో అది ఉండదు. ల్యాబ్‌లో సెన్సిటివ్‌గా కనిపించినా, చికిత్స మొదలయ్యాక ఆ ఎంజైమ్ ఎక్కువగా తయారై సెఫ్ట్రియాక్సోన్ పనిచేయకుండా పోవచ్చు. ఎంటరోబాక్టర్ అనే పేరు వినగానే డాక్టర్లకి ఈ జాగ్రత్త గుర్తొచ్చేది. కొత్త పేరుతో ఆ గుర్తు చెరిగిపోయింది. దాని బదులు సెఫెపీమ్ అనే యాంటీబయాటిక్ గురించి మాట్లాడుకుందాం అని చెప్పి, రిపోర్ట్ సవరించి పంపాను.

ఈ సైట్‌లో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది పర్యాయపదాల విభాగం. రెండు పేర్లకీ టైప్ స్ట్రెయిన్ ఒకటే అయితే హోమోటైపిక్ అంటారు. ఒకే మనిషికి రెండు పేర్లు ఉన్నట్టు, వాదించడానికి ఏమీ లేదు. ఎంటరోబాక్టర్ ఏరోజీన్స్, క్లెబ్సియెల్లా ఏరోజీన్స్ అలాంటివే. టైప్ స్ట్రెయిన్‌లు వేరైతే హెటెరోటైపిక్. అంటే ఈ రెండూ ఒకటే జాతి అని ఎవరో పరిశీలించి చెప్పిన అభిప్రాయం, రేపు ఇంకొకరు కాదనవచ్చు. ఉదాహరణకి, పశువుల్లో టీబీ తెచ్చే మైకోబాక్టీరియం బోవిస్, మనుషుల్లో టీబీ తెచ్చే మైకోబాక్టీరియం ట్యూబర్‌కులోసిస్‌లో భాగమేనని 2018లో జీనోమ్‌లు పోల్చి ప్రతిపాదించారు. జీనోమ్ లెక్కన సరే. కానీ బోవిస్‌కి పైరజినమైడ్ స్వతహాగా పనిచేయదు, టీబీ చికిత్సలో అది ముఖ్యమైన మందు. అందుకే బోవిస్ అన్న మాట రిపోర్ట్‌లో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలని నా పట్టుదల.

కొత్తగా వాడేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. బ్యాక్టీరియాకి పేరు ఎలా పెట్టాలో నియమావళి చెబుతుంది, వర్గీకరణ మాత్రం శాస్త్రవేత్తల అభిప్రాయమే. అధికారిక వర్గీకరణ అంటూ ఎక్కడా లేదు. సైట్‌లో సరైన పేరు అని కనిపించేది కూడా ఒక వర్గీకరణని అనుసరించి చెప్పిందే. పాత పేరు నియమాల ప్రకారం చెల్లుబాటయ్యేదే అయితే, కొత్తది వచ్చినంత మాత్రాన ఆ చెల్లుబాటు పోదు. మా జూనియర్లు "మేడమ్, పాత పేరు రాస్తే తప్పా?" అని అడిగినప్పుడు ముందు ఇదే చెబుతాను. ఆ తర్వాత ప్లేగు సంగతి చెబుతాను. డీఎన్ఏ పోలికల ఆధారంగా, ప్లేగు తెచ్చే యెర్సీనియా పెస్టిస్‌ని యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్‌లో ఉపజాతిగా మార్చాలన్నారు. ఆ పేరుతో గందరగోళం వస్తే ప్రాణాలకి ప్రమాదమని బ్యాక్టీరియా పేర్ల వివాదాలు తీర్చే జుడీషియల్ కమిషన్ 1985లో దాన్ని తిరస్కరించింది. ప్రమాదం తెచ్చే పేరుని తోసిపుచ్చడానికి నియమావళిలోనే చోటుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది.

పేరు పుట్టుక చెప్పే వరస కూడా వదలకుండా చదువుతాను. సి. డిఫ్ అని పిలిచే బ్యాక్టీరియా పేరులో డిఫిసిలీ అంటే కష్టమైనది, ల్యాబ్‌లో పెంచడం కష్టమైంది కాబట్టి. 2016లో క్లోస్ట్రిడియం తీసి క్లోస్ట్రిడియోయిడిస్ చేసినా సి. డిఫ్ అనే పిలుపు పోలేదు, అది మంచిదైంది.

మందుల సంగతి ఈ సైట్ చెప్పదు, అది దాని పని కాదు. సాల్మొనెల్లా టైఫీ లాంటి సెరోవార్లకీ (ఉపజాతి కన్నా కిందిస్థాయి రకాలకీ) ఆ నియమావళి వర్తించదు, వాటికి వేరే పట్టిక చూసుకోవాలి. మైక్రోబయాలజీ పీజీ విద్యార్థులకి, రిపోర్ట్ మీద సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ ఐదుకి ఐదు స్టార్లతో దీన్ని సిఫార్సు చేస్తాను.

మా రిపోర్ట్‌లో ఇప్పుడు క్లెబ్సియెల్లా ఏరోజీన్స్ కింద రెండు లైన్లు తప్పకుండా ఉంటాయి: "పూర్వనామం ఎంటరోబాక్టర్ ఏరోజీన్స్. సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టే ముందు మైక్రోబయాలజీకి ఫోన్ చేయండి."