సాంటియాగోలో కాలినడక: ఆఫీసు పని మీద వెళ్లేవాళ్ల కోసం

చిలీ రాజధాని సాంటియాగోలో కంపెనీలు ఎక్కువగా ఎల్ గోల్ఫ్, లాస్ కొండెస్ వైపు ఉంటాయి. ఆఫీసువాళ్లు బుక్ చేసే హోటళ్లూ అక్కడే. గదులకు వంకపెట్టలేం గానీ, సాయంత్రం బయటికొస్తే అద్దాల మేడలు తప్ప ఏమీ కనపడవు. మనకు ఎంచుకునే వీలుంటే ప్రొవిడెన్సియా అనే పేటలో, పెద్రో దె వాల్దీవియా మెట్రో దగ్గర బస చేయడం మేలు. ఒకటో మెట్రో లైను నేరుగా ఆఫీసుల దగ్గరికి వెళ్తుంది, నడకా ఇక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. లాస్తారియా ఇంకా అందమైన పేట, కాకపోతే శుక్ర, శనివారాల రాత్రి గోల ఎక్కువ. సెంట్రోలో, అంటే ఊరి నడిబొడ్డున, చవక, కానీ షాపులు మూశాక వీధులు నిర్మానుష్యం.

విదేశీయులు హోటల్ బిల్లు డాలర్లలో కట్టి, పాస్‌పోర్టుతో పాటు దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చిన చీటీ చూపిస్తే 19 శాతం పన్ను పడదు. పెసోల్లో కడితే ఆ మినహాయింపు పోతుంది. చెకిన్ అప్పుడే అడగాలి.

ఊరు తూర్పున ఆండీస్ నుంచి పడమరకు వాలుగా ఉంటుంది. అందుకని తూర్పు నుంచి సెంట్రో వైపు నడవాలి, తిరుగు ప్రయాణం మెట్రోలో. మపోచో నది వెంట బల్మసెదా పార్కు, తర్వాత ఫొరెస్తాల్ పార్కు, అలా సెంట్రోలోని ప్రధాన కూడలి ప్లాసా దె అర్మాస్ దాకా దాదాపు చెట్ల నీడే. చూస్తూ నడిస్తే రెండు గంటలు పడుతుంది. దారిలో సాంతా లూసియా గుట్ట ఎక్కొచ్చు. మెట్లు అరిగి నున్నగా ఉంటాయి, తోలు బూట్లు పనికిరావు.

సెంట్రోలో అధ్యక్షుడి కార్యాలయమైన లా మొనెదా భవనం ముందువైపు ఫొటో తీసుకుని చాలామంది వెళ్లిపోతారు. పక్కకు తిరిగి మొరాందే వీధిలో 80 నంబరు తలుపు చూడాలి. 1973 సెప్టెంబరు 11న సైన్యం ఆ భవనంపై బాంబులు వేసినప్పుడు అధ్యక్షుడు అయెందే లోపలే చనిపోయారు, ఆయన మృతదేహాన్ని ఆ తలుపులోంచే బయటికి తెచ్చారు. తర్వాత సైనిక ప్రభుత్వం దాన్ని గోడ కట్టి మూసేసింది. మళ్లీ తెరిచింది 2003లో.

సాన్ క్రిస్తోబాల్ కొండకు కాస్త తెలివిగా వెళ్లాలి. బెల్లావిస్తా పేట వైపు ఫ్యునిక్యులర్ (కొండ మీదికి తాడుతో లాగే రైలు పెట్టె) దగ్గర వారాంతాల్లో క్యూ చాంతాడంత. ప్రొవిడెన్సియా వైపు నుంచి కేబుల్ కారులో ఎక్కి, ఫ్యునిక్యులర్‌లో దిగితే కొండ రెండువైపులా చూసినట్టవుతుంది. చలికాలంలో పొగమంచు, పొగ కలిసి ఆండీస్ కనపడనివ్వవు. వాన వెలిసిన మర్నాడు మాత్రం మంచుకొండలు ఎదురుగా నిలబడతాయి.

పైన మోతె కోన్ వెసీయో తాగి తీరాలి. పొట్టు తీసి ఉడికించిన గోధుమలు గ్లాసు అడుగున, పైన ఎండు పీచ్ పండు ఉడికిన చల్లటి తీపి నీళ్లు, అందులో మునిగిన ముడతల పండు. చెంచాతో తినాలి. పండులో టెంక ఉంటుంది, చూసుకుని కొరకండి. శాకాహారులకూ పనికొస్తుంది. హోటళ్లలో మాత్రం "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అని అడిగితే గొడ్డు మాంసం మానేసి కోడి ముక్కలో, హ్యామో వేసే ప్రమాదం ఉంది, వాటి పేర్లూ విడివిడిగా చెప్పాలి. చేపలకు పేరున్న మెర్కాదో సెంత్రాల్ మార్కెట్‌లో లోపలికి పిలిచేవాళ్ల తాకిడి, ధరలూ ఎక్కువే. నది దాటి లా వేగా మార్కెట్‌కు వెళ్తే పళ్లు, భోజనం రెండూ చవక.

జూన్‌లో సాయంత్రం ఆరులోపే చీకటి పడుతుంది, డిసెంబరులో తొమ్మిది దాకా వెలుగు. ఆఫీసు అయ్యాక నడవాలనుకుంటే వేసవే, అంటే అక్కడ డిసెంబరు ప్రాంతమే, నయం. మ్యూజియాలు చాలావరకు సోమవారం మూత, ఆదివారం ఉదయం కొన్ని పెద్ద రోడ్లు సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదిలేస్తారు. సిటీ బస్సుల్లో నగదు తీసుకోరు, డబ్బు నింపుకుని వాడే బిప్ కార్డు మెట్రో స్టేషన్‌లోనే కొనిపెట్టుకోవాలి. ఫోను చేతిలో పట్టుకుని మ్యాపు చూస్తూ రోడ్డు వారగా నిలబడొద్దు, లాక్కుపోతారు.

ఆవకాయ, కారప్పొడులు సర్దుకునేవాళ్లకు ఒక మాట. చిలీలో మొక్కల నుంచి, జంతువుల నుంచి వచ్చే తిండి ఏదైనా దిగగానే డిక్లరేషన్‌లో రాయాలి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు. రాయకుండా స్కానర్‌లో దొరికితే జరిమానా.